పళ్ళు తోమటమా, గిన్నెలు తోమటమా?

పళ్ళకీ, అంట్లగిన్నెలకీ కలిపి ఒకే "తోమటం" పెట్టి మనవాళ్ళు పెద్ద చిక్కు తెచ్చిపెట్టారు. మాడిన గిన్నెని ఎలా రుద్దుతామో పళ్ళనీ అలాగే రుద్దుతున్నాం. కొట్లో "కాస్త గట్టి బ్రష్షు ఇవ్వవయ్యా" అని అడిగి మరీ కొనుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మెత్తటిది పిల్లలకట!

అసలు సంగతేంటంటే, మనం వదిలించాల్సిన పాచి మెత్తగానే ఉంటుంది. దానికి కొబ్బరిపీచు పెట్టి రుద్దినంత బలం అక్కర్లేదు. అదే గట్టిపడి గారగా మారిందా, ఇక ఏ బ్రష్షూ దాన్ని కదల్చలేదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మరి గట్టి బ్రష్షుకి మిగిలిన పనేమిటి? చిగుళ్ళని వెనక్కి నెట్టటం, పంటి మొదలు అరగదీయటం. అలా జారిన చిగురు తనంతట తాను మళ్ళీ పెరగదు. అప్పుడు చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి, మనమేమో వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం.

ఇక మా సాఫ్ట్‌వేరు జనం సంగతి. ఏ సమస్యకైనా బ్యాటరీ ఉన్న వస్తువు కొనటమే మాకు తెలిసిన పరిష్కారం. అలాగని బ్యాటరీ బ్రష్షు ఉత్తిదేం కాదు. 2014లో కాక్రేన్ వాళ్ళు 56 ప్రయోగాలని జల్లెడ పట్టి చూస్తే, మామూలు బ్రష్షుతో పోలిస్తే మూడు నెలలు దాటాక పాచి 21 శాతం, చిగుళ్ళవాపు 11 శాతం తక్కువగా కనిపించాయి. చేతివేళ్ళు సరిగా ఆడని పెద్దవాళ్ళకైతే నిజంగా మేలు. కానీ వేలకి వేలు పోసి కొని, పొద్దున ముప్పై సెకన్లలో కానిచ్చేసి, రాత్రి తోమకుండా పడుకునేవాడిని ఏ మోటారు కాపాడుతుంది? ప్రోగ్రాములో తప్పుంటే కొత్త కంప్యూటరు కొని ఏం లాభం చెప్పండి?

"మా తాత వేపపుల్లతోనే తొంభయ్యేళ్ళు బతికాడు" అనేవాళ్ళు ఇంకో రకం. వేపపుల్లని నేను వెక్కిరించను. అలవాటున్న చోట పుల్లల వాడకాన్ని ప్రోత్సహించమని ప్రపంచ ఆరోగ్య సంస్థే 1986లో చెప్పింది. అదే సంస్థ 2021లో ఫ్లోరైడు టూత్‌పేస్టుని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, ఇది కూడా చెప్పండి మరి. పేస్టులో ఉన్నంత ఫ్లోరైడు పుల్లలో రాదు. పైగా మీ తాతగారు కంప్యూటరు ముందు కూర్చుని గంటకో బిస్కెట్టు, మధ్యమధ్య కూల్‌డ్రింకు లాగించలేదు.

కావాల్సింది చాలా చిన్న విషయం. మెత్తటి బ్రష్షు, చిగురూ పన్నూ కలిసేచోట 45 డిగ్రీలు వాల్చి, నెమ్మదిగా రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రి తోమటం అస్సలు మానకూడదు. మూడు నాలుగు నెలలకోసారి బ్రష్షు మార్చాలి.

నెల తిరక్కుండానే బ్రష్షు చీపురులా విచ్చుకుపోయిందా? కంపెనీవాడిని తిట్టకండి. నైలానుకే ఆ గతి పట్టిస్తే, ఇక చిగుళ్ళ గతేమిటో ఆలోచించుకోండి.