బ్రెజిల్‌కు బయలుదేరే ముందు

బ్రెజిల్ అనగానే ఫుట్‌బాల్, కార్నివాల్, అమెజాన్ అడవి గుర్తొస్తాయి. ఆ మూడింటితోనే సరిపెట్టుకుని విమానం ఎక్కేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. సుమారు 85 లక్షల చదరపు కిలోమీటర్ల దేశమది. ఉత్తరాన అమెజాన్ అడవి నడుమనున్న మనౌస్‌లో ఉక్కపోసే జులైలోనే దక్షిణాది కొండ ఊళ్లలో తెల్లవారేసరికి మంచు పేరుకుంటుంది. ఏ నెలలో వెళ్లాలంటే ఒక్క జవాబు చెప్పలేం.

ఈ సంచికలో హోటళ్లకంటే చరిత్రకే ఎక్కువ పేజీలిచ్చాం. ముఖ్యంగా సాల్వడార్‌కు. 1763 దాకా రాజధానిగా ఉన్న ఆ రేవు పట్నంలో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషుల్ని బానిసలుగా దింపారు. దేశం మొత్తమ్మీద అలా దిగినవారు 40 లక్షలకు పైమాటే. బానిసత్వం రద్దయింది 1888లో. అక్కడి వీధుల్లో పామాయిల్‌లో వేగే అలసంద వడ, అకరజె, ఆ మనుషులు వెంట తెచ్చుకున్న రుచి. ఈ సంగతి తెలిసి తినాలి.

సావొపాలో మురికివాడలో చిత్తుకాగితాలు ఏరుకుంటూ కరోలినా మరియా డి జీసస్ రాసుకున్న డైరీని తప్పక చదవండి. కొత్త రాజధాని బ్రసీలియా ప్రారంభమైన 1960లోనే అదీ అచ్చయింది.

మన ఒంగోలు జాతి పశువుల సంతతి ఇప్పుడక్కడ ‘నెలోరె’ పేరుతో కోట్లలో ఉంది. వాటి మేతకోసం అమెజాన్‌లో ఎంతో అడవి నరికేశారు. గర్వమూ దిగులూ కలిసిన ఆ కథ లోపల వివరంగా ఉంది.

పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ ఆ ధ్రువపత్రం అడుగుతారు.