సూరత్ పేరిటి చేపకు ఇంట చోటేది?

1790లో బెర్లిన్ వైద్యుడు మార్కస్ బ్లాఖ్ ఒక భారతీయ మత్స్యానికి సూరత్ నగరం పేరు పెట్టాడు. ఎట్రోప్లస్ సురటెన్సిస్ అనే ఆ సిక్లిడ్ జాతి చేపే కేరళీయుల కరిమీన్; 2010లో అక్కడ రాష్ట్ర మత్స్యమైంది. అయితే సూరత్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా రంగుచేపల దుకాణాలలో అధికంగా కనిపించేవి అమెజాన్ ప్రాంతపు ఏంజెల్, ఆస్కార్, ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్‌లు.

వీటిలో పలు రకాలు ఇంటి అక్వేరియంలోనే జతకట్టి గుడ్లు పెడతాయి. పెంపకందారుకు అది వేడుకే. కానీ మిగులు పిల్లలను తపతీ నదిలోనో, ఊరి చెరువులోనో వదిలితే? 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా సిక్లిడే. అది జలాశయాలను ఎలా ఆక్రమించిందో మత్స్యకారులను అడిగితే చెబుతారు. ఆంధ్రలో వలలు చింపుతున్న సక్కర్ చేప అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చినదే.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన పెరటి రంగుచేపల యూనిట్లకూ రాయితీ కల్పించింది. అందులో దేశీయ సిక్లిడ్‌లకు ప్రాధాన్యమివ్వడం సముచితం. కరిమీన్ ఎదిగితే చిన్న తొట్టె చాలదన్న మాట నిజమే. దాని బంధువైన నారింజ క్రోమైడ్ మాత్రం చిన్న చేప. ఆడా మగా రెండూ గుడ్లకు కాపలా కాస్తాయి. ఆ పిల్లలను అమ్ముకొనే మార్గం ప్రభుత్వమే చూపాలి.