రాత వాయిదా వేస్తే ఎలా?



ఫ్రెంచ్ నేర్చుకునేవారికి మొదట్లో మాట్లాడటం వస్తే చాలు, రాత తర్వాత చూసుకోవచ్చన్న గత వారం లేఖతో ఏకీభవించలేను. ఫ్రెంచ్ ప్రావీణ్యాన్ని కొలిచే డెల్ఫ్ పరీక్షలో మొదటి స్థాయి ఏ1 వాళ్లు కూడా ఫారం నింపి, కనీసం 40 పదాల సందేశం రాయాలి. పై స్థాయుల్లో బీ1కి 160, బీ2కి 250. పైగా ఆ భాష చెవిని మోసం చేస్తుంది. ‘నేను వెళ్లాను’ అని స్త్రీ రాస్తే క్రియ చివర ఇంకో ‘e’ అక్షరం చేర్చాలి. పలికితే మగవాడు అన్నట్టే ఉంటుంది. అది మరిచిన తప్పు కాగితం మీదే పట్టుబడుతుంది. అలాగని క్రియారూపాల పట్టికలు బట్టీ పట్టించమనడం లేదు, అదో శిక్ష! ఏ1లో దినచర్య, ఏ2లో నిన్నటి సంగతులు, బీ1లో సొంత అభిప్రాయం రాయించి, దిద్దాక మళ్లీ రాయించాలి. ఇంట్లో గోండి మాట్లాడి బడిలో హిందీ రాసే మా ఊరి పిల్లలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

– ఒక పాఠకుడు, జగర్గుండా, సుక్మా జిల్లా