అతిథి ధర్మము

ఇంటికి వచ్చిన అతిథిని ఆదరించుట గృహస్థుని ధర్మమని మన పెద్దలు బోధించిరి. అతిథికి అన్నము పెట్టని యింటిని లోకము గౌరవింపదు. అయితే అతిథికిని ఒక ధర్మము కలదు. ఆ యింట ధాన్యమెంత, నీరెంత అని గమనింపక, తన సుఖమునే కోరు అతిథి ఎంతటి ధనవంతుడైనను ఆ యింటికి భారమే యగును. నేడు విహారయాత్రలు లోకమున ఒక పెద్ద వ్యాపారమైనవి. సంపన్న దేశముల ప్రజలు బీద దేశముల కొండలను, సముద్రతీరములను చూచుటకు లక్షల కొలదిగా వచ్చుచున్నారు. వారు తెచ్చు ధనము ఆ దేశములకు అవసరమే. కాని ధనముతో పాటు వచ్చు కష్టమును ఎవరు మోయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుటకు నేపాళ దేశ చరిత్ర మిక్కిలి ఉపకరించును.

ఎవరెస్టు శిఖరమునకు దక్షిణమున ఖుంబు అను ప్రాంతము కలదు. షేర్పాలు అచ్చటి నివాసులు. బంగాళాదుంపలు పండించుట, చమరీమృగములను మేపుట, టిబెట్టుతో ఉప్పు మొదలగు సరకుల వ్యాపారము చేయుట పూర్వము వారి వృత్తులు. 1950 ప్రాంతమున నేపాళము విదేశీయులకు ద్వారములు తెరచినది. 1953 మే 29వ తేదీన టెన్సింగ్ నార్కే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టును అధిరోహించిరి. ఖుంబు పేరు లోకమంతట మారుమ్రోగినది. కొలది కాలమునకే టిబెట్టుతో వ్యాపారము క్షీణించినది. యాత్రికుల సేవయే షేర్పాలకు క్రొత్త జీవనాధారమైనది. హిల్లరీ తోడ్పాటుతో 1961లో ఖుంజుంగ్ గ్రామమున పాఠశాల వెలసినది. 1964లో లుక్లా వద్ద విమానములు దిగుటకు మైదానము సిద్ధమైనది. కావున యాత్రికుల రాకవలన మేలు కలుగలేదనుట న్యాయము కాదు.

అయితే మేలు వెంట కీడును వచ్చినది. ఆ చలి ప్రదేశమున వంటకును, వేడినీటికిని, చలి కాగుటకును కట్టెలే ఆధారము. ఎత్తైన కొండలపై చెట్లు, పొదలు మిక్కిలి మెల్లగా పెరుగును. ఒకనాటి చలిమంటకు నరికిన పొద తిరిగి ఎదుగుటకు ఎన్నో యేండ్లు పట్టును. పూర్వము షేర్పా గ్రామములలో షింగి నావా అను అటవీ రక్షకులుండెడివారు. ఊరివారే వారిని నియమించుకొనెడివారు. అనుమతి లేకుండ పచ్చికొమ్మ నరికినవారికి ఆ రక్షకులు జరిమానా విధించెడివారు. 1957లో నేపాళ ప్రభుత్వము అడవులను జాతీయము చేయగా, ఈ గ్రామరక్షకుల అధికారము సడలినది. తరువాత యాత్రికుల సంఖ్య పెరుగజొచ్చినది. కట్టెలు కోరువారు ఎక్కువైరి. అడవిని కాచువారు తక్కువైరి. 1976లో సగర్‌మాథా జాతీయ వనము ఏర్పడిన పిదప గాని అడవికి మరల రక్షణ లభింపలేదు.

శిఖరము నెక్కువారు విడిచిన గుడారములు, డబ్బాలు, ఆక్సిజన్ సిలిండర్లు మంచుపై పేరుకొనసాగినవి. ఖుంబువారు 1991లో కాలుష్య నివారణ సంఘమును స్థాపించుకొని చెత్తను ప్రోగుచేయ నారంభించిరి. ఎవరెస్టు నెక్కు ప్రతివాడును 8 కిలోల చెత్తను క్రిందికి తేవలెనని 2014లో ప్రభుత్వము శాసించినది. ఆ సంవత్సరముననే, ఏప్రిల్ 18వ తేదీన, ఖుంబు హిమపాతమున మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాళీ కార్మికులు మరణించిరి. వారు తమ సరదాకై అచ్చటికి పోయినవారు కారు. యాత్రికుల కొరకు బరువులు మోయుచు, దారి సిద్ధము చేయుచుండినవారు. ఒక్కొక్క కుటుంబమునకు ప్రభుత్వము తొలుత ప్రకటించిన సహాయము 40 వేల నేపాళీ రూపాయలు మాత్రమే. ఒక విదేశీయుడు శిఖరారోహణ అనుమతికి చెల్లించు రుసుములో అది మిక్కిలి చిన్న భాగము. షేర్పాలు ఆగ్రహించుటలో వింత యేమున్నది? ఆ వసంతమున నేపాళము వైపునుండి ఆరోహణములు చాలవరకు నిలిచిపోయెను.

ఇవి చూచి యాత్రలనే మాన్పింపవలెనని కొందరందురు. అది సరియైన మార్గము కాదు. 2020లో కరోనా వ్యాధి కారణమున నేపాళము ఆరోహణ అనుమతులను నిలిపివేసినప్పుడు, బరువులు మోయువారును, వంటవారును, బస గృహములవారును ఒక్కసారిగా పని కోల్పోయిరి. దోషము యాత్రలో లేదు. ఆతిథ్యమిచ్చు ఊరికి తన యింటిపై అధికారము లేకపోవుటలో నున్నది.

నేపాళములోనే ఉన్న అన్నపూర్ణ పర్వత ప్రాంతము ఇందుకు నిదర్శనము. అచ్చట 1986లో ఘాంద్రుక్ గ్రామమున ఒక సంరక్షణ పథకము ప్రారంభమైనది. అడవిని కాపాడుటకై ప్రజలను వెడలగొట్టలేదు. గ్రామ సంఘములకే బాధ్యత నప్పగించిరి. యాత్రికుల ప్రవేశ రుసుమును ఆ ప్రాంతపు సంరక్షణకును, గ్రామముల అభివృద్ధికిని వినియోగించిరి. కట్టెలకు బదులు కిరసనాయిలు, గ్యాసు వాడునట్లు ప్రోత్సహించిరి. నిబంధనలు పెట్టినచో అతిథులు వేరొక చోటికి పోవుదురనియు, బీదవాని నోటికాడి కూడు పోవుననియు వాదించువారు కలరు. కాని అన్నపూర్ణ ప్రాంతమునకు యాత్రికులు తగ్గలేదు. పైపెచ్చు నేపాళమున కాలినడక యాత్రికులు అత్యధికముగా పోవు చోట్లలో అది యొకటి యైనది. శుభ్రమైన యింటికే అతిథులు మరల మరల వత్తురు గదా!

ఈ సంగతి తెలుగువారికి సంబంధింపని దనుకొనరాదు. వైష్ణవులకు పవిత్రమైన ముక్తినాథ క్షేత్రము ఈ అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతములోనే, 3,700 మీటర్లకు మించిన ఎత్తున కలదు. తెలుగునాటి నుండి భక్తులు అచ్చటికి వెళ్లుచుందురు. సాలగ్రామములకు ప్రసిద్ధమైన గండకీ నది ఆ క్షేత్రము దిగువనే ప్రవహించును. అచ్చట తెలుగు యాత్రికుడును అతిథియే. అతడు త్రాగి పారవైచిన నీటిసీసాను ఎత్తవలసినవాడు ఆ కొండవాడే.

ధనమిచ్చితిమి గదా అని తలచుటతో అతిథి ధర్మము తీరదు. ఆ యూరి కట్టుబాటును మన్నింపవలెను. తన చెత్తను తానే తిరిగి తెచ్చుకొనవలెను. తన బరువు మోసినవానికి తగిన కూలియు, గౌరవమును ఇయ్యవలెను. ప్రభుత్వములు సయితము యాత్రికుల సంఖ్యను లెక్కించి సంతోషించుటతో తృప్తిపడక, ఆ ధనములో ఎంత భాగము ఆ గ్రామమునకు చేరినదో లెక్కింపవలెను. అతిథి వెళ్లిన పిదప ఆ యింటివారు మరల ఎప్పుడు వత్తురో యని ఎదురుచూచునట్లు నడచుకొనువాడే నిజమైన యాత్రికుడు.