వాగు ఎంత మోయగలదో లెక్క తేలాలి

జగిత్యాల జిల్లా బీర్పూర్ మండలానికి ఉత్తరాన గోదావరి పారుతుంది. మండలంలోని రోళ్లవాగు ప్రాజెక్టు కింద వరి పండుతుంది. పొలంలో చల్లిన యూరియాలో కొంత, ఊరి మురుగులో కొంత వాననీటితో వాగుల్లోకి దిగుతాయి. వాగులు చేరేది నదినే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశవ్యాప్తంగా 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. లీటరు నీటిలో బీఓడీ, అంటే మలినాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నదీ భాగం జాబితాకెక్కుతుంది. ఆ ఏటి జాబితాలో తెలంగాణవి 8. బాసర నుంచి ఖమ్మం దాకా గోదావరి అందులో ఒకటి. బీర్పూర్ తీరమూ దాని పరిధిలోదే. అంత పొడవైన ప్రవాహానికి ఒకే ముద్ర వేస్తే, ఏ వాగు ఎంత మలినం మోసుకొస్తోందో ఎలా తెలుస్తుంది?

అసలు లోపం కొలతలోనే ఉంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం వచ్చాక నదీజలాలను వినియోగాన్ని బట్టి ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు వర్గీకరించారు. స్నానానికి పనికొచ్చే ‘బి’ తరగతికి చూసేవి నాలుగే: ఆమ్ల క్షార స్థాయి, కరిగిన ఆక్సిజన్, బీఓడీ, కోలిఫాం బ్యాక్టీరియా. నైట్రేటు, ఫాస్ఫేటు ఆ పట్టికలో లేవు. తాగునీటిలో మాత్రం లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. వరి సీమలో వాగునీటికి ఎరువుల పరిమితే లేకపోవడం పెద్ద వెలితి.

అమెరికాలోని హవాయి దీవులు ఈ కొలత పనిని మరోలా చేస్తున్నాయి. అక్కడ కొండకూ కడలికీ మధ్య దూరం తక్కువ, మలినం దారిలో వడకట్టుకుపోవడానికి సమయమూ తక్కువే. అందుకే సెలయేళ్లలో నత్రజని, భాస్వరం, బురదలకు వానాకాలానికొకటి, ఎండాకాలానికొకటి పరిమితి పెట్టారు. మొత్తం నత్రజని సగటున వానాకాలంలో లీటరుకు 250 మైక్రోగ్రాములు, ఎండాకాలంలో 180 దాటరాదు. దాటిన చోట, అమెరికా స్వచ్ఛ జల చట్టం ప్రకారం ఆ నీరు రోజుకు ఎంత మలినం తట్టుకోగలదో తేల్చి, మూలాల వారీగా వాటాలు వేస్తారు. మరుగుదొడ్ల మురుగు శుద్ధి కాకుండా నేలలోకి దిగే గుంతలన్నిటినీ 2050లోగా మార్చాలని 2017లో చట్టమే చేశారు.

ఇలాంటి లెక్క రైతును దోషిగా నిలబెడుతుందన్న భయం అక్కర్లేదు. వాటాలు విడివిడిగా తేలితే పట్టణ మురుగు నింద పొలం మీద పడదు. భూసార పరీక్షను బట్టి ఎరువు వేయడం, వాగు గట్లపై గడ్డి పెంచడం, వాడుకనీటికి ఇంటింటా ఇంకుడు గుంత తవ్వడం వంటివి ఎక్కడ ముందు కావాలో కూడా అదే చెబుతుంది.

గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. స్నానఘట్టాలకు నిధులు కేటాయించేటప్పుడే, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి రోళ్లవాగును నమూనాగా తీసుకుని నెలనెలా నైట్రేటు, కోలిఫాం కొలవాలి. ఆ ఫలితాలను పంచాయతీ గోడ మీద రాయించాలి.