కందికి పుట్టినిల్లు

మెట్ట సేద్యము చేయు మనకు కందిచేను క్రొత్త గాదు. కాని యా కందికి కన్నతల్లి వంటి పొద యొకటి కొండలలో నేటికిని పూచుచున్నదని యెరిగినవారు తక్కువ. శాస్త్రజ్ఞులు దానిని కజానస్ కజానిఫోలియస్ అందురు. నేను అడవికంది యనెదను. ఆ పేరు మరికొన్ని మొక్కలకును గలదు గాని, ఇచ్చట ఈ పొదకే చెల్లును.

ఆకును, పచ్చని పువ్వును జూచినచో కందియే యని భ్రమ కలుగును. కాయ పండినంతనే పగిలి గింజ నేలరాలును. అదియే ముఖ్యమగు భేదము. రాలని కాయలను పూర్వులు తరతరములుగా ఏరి విత్తుటచేత నేటి కంది యేర్పడినదని పలువురు పరిశోధకుల నిర్ణయము. ఈ పొద తూర్పు కనుమలలో, ముఖ్యముగా ఒడిశా, బస్తరు కొండలయందు, అచ్చటచ్చట మాత్రమే కలదు.

దీనివలన మన కేమి లాభమందురా? పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారు ఈ పొదను తల్లిగా జేసి, సాగుకందితో సంకరపరచి, మంచి పుప్పొడి పుట్టని కందిమొక్కను సాధించిరి. దాని ప్రక్క వేరొక కంది సాళ్లు వేసినచో తేనెటీగలే పుప్పొడి మోసి సంకర విత్తనము కట్టించును. పువ్వు పువ్వును చేత విప్పు పని లేదు. ఈ మార్గమున వచ్చిన ఐ.సి.పి.హెచ్. 2671 అను కంది 2010లో మధ్యప్రదేశమున విడుదలయ్యెను.

గింజలు శీతల భాండాగారమున భద్రముగా నున్నవి గదా, కొండమీది పొద పోయిన నేమి యని కొందరి వాదము. నేనంగీకరింపజాలను. సీసాలోని గింజ సేకరించిన నాటి స్థితిలోనే యుండును. కొండమీది పొద ఏటేటి అనావృష్టిని, కాయతొలుచు పురుగును, తెగుళ్లను ఎదుర్కొని, తట్టుకొన్నదే విత్తు వదలును. రేపు మనకు కావలసిన గుణము అట్టి పొదలోనే దొరకవచ్చును.

ఈ పొదల సీమలోనిదే బైలదిల్లా. అచ్చట 1968 మొదలు ఇనుపరాయి త్రవ్వుచున్నారు. ఆ రాయి రైలుమీద మన విశాఖపట్టణపు రేవునకు దిగుచున్నది. ఇనుము వలదని నా యభిప్రాయము గాదు; నాగటి కర్రు ఇనుపదే. క్రొత్తగా కొండ త్రవ్వుటకు ముందు అందలి అడవికందిని లెక్కించి, కొంత కొండను ముట్టకుండ విడువవలెనని మాత్రమే నా కోరిక. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము గ్రామ సంఘములు పట్టిక వ్రాయవచ్చును. ఆ కొండవారి పట్టికలలో ఈ పొద యెక్కవలెను. దీనివలన విత్తన వర్తకులకు కలుగు లాభములో వారికిని పాలు రావలెను. సంకర విత్తనమును ఏటేట కొనువారము మనమే గనుక ఈ మాట యడుగుట మనకు తగును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మేరకు తీర్మానము ప్రతిపాదింప దలచితిని. బలపరచువారు ముందుగా కార్యదర్శిగారికి తెలియజేయ గోరెదను.