స్నానపుగదిలో గోడ యడుగుపట్టీ

ఈ నెల వ్రాయబూనిన విషయము మన యిండ్లకంటె అమెరికాలో కాపురముండు మన బిడ్డల యిండ్లకు చెందినది. అయినను పురుళ్లు పోయుటకును, మనుమల నాడించుటకును అచ్చటికి బోయి ఆరేసి నెలలుండి వచ్చు తల్లులు మనలో ననేకులు గలరు. కావున నిది అసంగతము కాదని తలచెదను.

కిందటి వేసవిలో నేను మా అమ్మాయి యింట నుంటిని. అచ్చటి స్నానపుగదిలో గోడల యడుగున నాలుగంగుళముల యెత్తుగల వినైల్ పట్టీ అతికింపబడి యుండెను. దానిని బేస్‌బోర్డు అందురు. మనవైపు గోడమొదట నాపరాయియో టైలుముక్కలో కూర్చి స్కర్టింగు అనుచున్నాము గదా, అది చేయు పనియే యిదియు చేయును. స్నానపుతొట్టి ప్రక్కన ఆ పట్టీ పైయంచు గోడను విడిచి వ్రేలాడుచుండెను. “క్రొత్తది తెచ్చి అంటించిన సరిపోవును, అత్తయ్యగారూ” అని అల్లుడుగారనిరి. వారు ఆఫీసుకు పోయిన పిమ్మట నేనే తొందరపడి, పట్టీ కొస పట్టుకొని ఒక్కలాగు లాగితిని. పట్టీతో గూడ గోడపొర మూరెడు ఊడివచ్చినది!

అచ్చటి గోడ మన యిటుకగోడ వంటిది కాదు. కొయ్యనిలువులకు జిప్సం పలకలు బిగింతురు. ఆ పలకకు ఇరువైపుల దళసరి కాగితముండును. మన గోడ తడిసినను ఎండి మరల నిలుచును. ఈ కాగితము తడిసెనా, బూజునకు మంచి మేత యగును. నేను చించిన చోట నల్లని బూజు జానెడు మేర ప్రాకియుండెను. జిగురు పాతబడుటచేత గాక, వెనుకనున్న తడిచేత పట్టీ ఊడినదని అప్పుడు గ్రహించితిని.

ఇట్టి పనికి పూనుకొనకముందే విచారింపవలసినది ఇంటి వయస్సు. నేనది తరువాత అడిగితిని. ఇల్లు అంత పాతది కాకపోవుట మా యదృష్టము. 1980వ దశకమునకు పూర్వము కట్టిన యిండ్లలో పట్టీ వెనుకను, నేలపలకల క్రిందను ఉండు నల్లని జిగురులో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. దాని ధూళి పీల్చినవారికి ఊపిరితిత్తుల కేన్సరు వంటి వ్యాధులు ఎన్నో యేండ్లకు గాని బయటపడవు. ఇండ్లకు వేయు రంగులలో సీసమును అమెరికాలో 1978లో నిషేధించిరి. అంతకు మునుపటి రంగును గీకినచో ఆ పొడి ప్రాకులాడు పసిబిడ్డల చేతులకంటి నోటికి పోయి, వారి బుద్ధివికాసమునకే చేటు దెచ్చును. పాతయింట నల్లజిగురు కనబడినచో గీకరాదు, గరుకుకాగితముతో రుద్దరాదు, చీపురుతో ఊడ్వరాదు. పని యాపి, పరీక్షశాలలో చూపింపవలెను. అద్దెయిల్లయినచో యజమానునకు ముందే తెలుపుట మేలు.

అట్టి భయము లేనిచోట పని కష్టము కాదు, ఓర్పు కావలెను. పట్టీ పైయంచున కట్టరుతో సన్నని గీటు పెట్టి, పాత రంగును తెగగోయవలెను. హెయిర్ డ్రయ్యరుతో మూరెడు మూరెడుగా వెచ్చజేసినచో జిగురు మెత్తబడును (నేల తడిగా నున్నప్పుడు ఆ యంత్రమును ముట్టవలదు). పిదప పుట్టీ పూయు వెడల్పురేకును వెనుకకు దూర్చి మెల్లగా విడదీయవలెను. కాగితము చిరిగిన చోట ముందు ప్రైమరు పూసి ఆరనిచ్చి, ఆపైన పూత వేసి నునుపుచేయవలెను. లేనిచో పొక్కులు లేచును. బూజుపట్టి మెత్తబడిన పలకను తుడిచి దాచరాదు. మేము ఆ జానెడు భాగము కోయించి క్రొత్తముక్క వేయించితిమి.

ఆ తరువాత ఐదుదినములు పంకా పెట్టి ఆరబెట్టితిమి. ఈలోపల క్రొత్తపట్టీని చుట్ట విప్పి అదే గదిలో చాపి యుంచితిమి. అట్లుంచనిచో అది అంటించిన పిదప ముడుచుకొనును. జిగురు పట్టీ వెనుక పూయునప్పుడు పైయంచున పావంగుళము విడిచిపెట్టవలెను, లేకున్న నొక్కగానే పైకి పొంగి గోడను పాడుచేయును. వెలుపలిమూల తిరుగుచోట పట్టీ వెనుకభాగమును కొంచెము చెక్కి, వెచ్చజేసి వంచవలెను. నొక్కుటకు రోలరు అమ్ముదురు గాని, నేను అప్పడాల కఱ్ఱకు పాతచీర గుడ్డ చుట్టి నొక్కితిని. బాగుగనే పనిచేసినది.

ఇంతకు ఆ తడి యెక్కడిదని యడుగుదురు గదా! తొట్టికిని గోడకును నడుమనున్న సిలికాను చెదిరినదేమో యని చూచితిమి, గట్టిగనే యున్నది. తెర తొట్టి లోపలికే వ్రేలాడుచున్నది. చివరకు అమ్మాయి తల వంచుకొని, “అమ్మా, నీవు బక్కెట్టు తొట్టి బయట పెట్టుకొని చెంబుతో పోసికొందువు గదా!” అన్నది. మన స్నానపుగదులలో నేల వాలుగా నుండి నీరు తూమునకు బోవును. ఆ గదిలో తూము తొట్టియందే గాని నేలమీద లేదు. అంతకుముందు సంవత్సరము కూడ నేను ఆరునెలలు అట్లే స్నానము చేసియుంటిని. నాకు చిన్నతనమగునని ఇరువురును పెదవి విప్పలేదు. ఆ మాట ముందే చెప్పియుండిన గోడ దక్కెడిది, మనసు నొచ్చెడిదియు కాదు.

ఆనాటినుండి బక్కెట్టు తొట్టిలోనే పెట్టుకొంటిని. తలుపుమూల యతుకు మాత్రము కొంచెము వంకరగా వచ్చినది. అమ్మాయి అచ్చట మైలబట్టల బుట్ట పెట్టినది.